మామగారు నాటిన నూరువరహాలను తీయకండి

ప్రశ్న: మాది అనంతపురం దగ్గర పల్లె. పెళ్లయ్యాక బెంగళూరు జె.పి.నగర్‌లో మామగారు కట్టించిన ఇంటికి వచ్చాను. గేటు తూర్పు వైపు. కాంపౌండ్ గోడ వెంబడి ఇరవై అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు మట్టి ఉంది. అందులో గోల్డెన్ డురాంటా వరుస, మూడు క్రోటన్లు, ఒక తుజా, ఒక ముద్దమందారం, మామగారు స్వయంగా నాటిన నూరువరహాల చెట్టు ఉన్నాయి. అన్నీ ఇరవై ఏళ్ల నాటివి. పైన ఆకులు, కింద ఎండుకట్టెలు. మందారం నిండా తెల్లటి దూదిలాంటి పురుగు. నూరువరహాల ఆకులు పసుపుపచ్చగా పాలిపోయాయి. తుజాను మావారు పోయినేడు సగానికి కొట్టించారు, మళ్లీ చిగురించలేదు. మాలి జేసీబీ పెట్టి అన్నీ పీకేసి ఫైకస్ పెడదామంటున్నాడు. మావారు ఏకంగా టైల్స్ వేయిద్దామంటున్నారు. అత్తగారికి పూజకు పూలు కావాలి, నూరువరహాలు మాత్రం ముట్టుకోవద్దంటున్నారు. నాలుగేళ్ల బాబు ఉన్నాడు. ఉగాదికల్లా ఇంటి ముందు కొత్తగా కనిపించాలని అందరి పట్టు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టిన మాట జేసీబీ. ముందు అది వద్దనండి. ఇంటి ముందు ఆ ఐదడుగుల మట్టి కింద సంప్ (నేలలోని నీళ్ల తొట్టి) గోడ ఉండొచ్చు, కావేరి నీళ్ల పైపు, మురుగు పైపు, కరెంటు కేబుల్ ఉండొచ్చు. ఈమధ్య గ్యాస్ పైపులు కూడా ఆ దారినే ఇళ్లలోకి వస్తున్నాయి. పొదల వేళ్లలో ఎక్కువ భాగం పైనున్న అడుగు, అడుగున్నర మట్టిలోనే ఉంటాయి. ముందురోజు సాయంత్రం బాగా తడిపి, మర్నాడు గునపం, పార, చిన్న రంపం పట్టుకుని ఇద్దరు మనుషులు దిగితే చాలు. దానికి యంత్రం అక్కర్లేదు.

రెండోది ఉగాది. ఆ పండుగ వచ్చేది సరిగ్గా బెంగళూరు ఎండలు ముదిరే రోజుల్లో. వేరు కుదురుకోని కొత్త మొక్క ఏప్రిల్ ఎండను తట్టుకోవాలంటే రోజూ నీళ్లు పోయాలి. ఆ నీళ్లే ఈ ఊళ్లో కరువు. 2024 మార్చిలో జలమండలి తోటలకు తాగునీరు వాడకూడదని, వాడితే 5,000 రూపాయల జరిమానా అని చెప్పాల్సి వచ్చింది. కాబట్టి కొత్త మొక్కలు జూన్‌లో, వానలు పడ్డాకే నాటండి. ఉగాదికి ఎండు పుల్లలన్నీ తీయించి, మట్టి గుల్ల చేయించి, గేటుకు అటూ ఇటూ రెండు బంతి కుండీలు పెట్టండి. ఇంటి ముందు శుభ్రంగా ఉంటే పండుగ కళ దానంతటదే వస్తుంది.

ఇక అసలు విషయం. వికారంగా ఉన్న పొద, చచ్చిపోయిన పొద ఒకటి కాదు. మీరు చెప్పిన ఎండుకట్టెల్లో చాలా వాటికి ఇంకా ప్రాణం ఉండే ఉంటుంది. బొటనవేలి గోటితో బెరడును కొద్దిగా గీరి చూడండి. పైపొర లేవగానే కింద తడిగా, లేతాకుపచ్చగా కనిపిస్తే ఆ కొమ్మ బతికే ఉంది. గోధుమరంగులో పొడిగా పెళుసుగా ఉంటే దాని పని అయిపోయింది. పై కొమ్మ ఎండినా నేల దగ్గర పచ్చ కనిపిస్తే చాలు. ప్రతి మొక్కనూ ఇలా కింద నుంచి పైకి మూడు నాలుగు చోట్ల గీరి చూశాకే తీయాలో ఉంచాలో మాట్లాడుకోండి. మాలి మాట, మీవారి మాట, నా మాట కూడా ఆ తర్వాతే.

అసలు కింద ఎందుకు బోసిపోయాయో తెలిస్తే మళ్లీ అలా జరగకుండా చూసుకోవచ్చు. మన మాలీలు పెద్ద కత్తెర పట్టుకుని పొదను పైనుంచి, పక్కల నుంచి పెట్టెలాగా చదును చేసేస్తారు. కోసిన చోటల్లా గుబురుగా చిగుళ్లు వేసి బయట ఆకుల పొర దట్టమవుతుంది. ఎండ లోపలికి దిగదు. ఎండ తగలని కొమ్మ ఆకు రాల్చేస్తుంది. ఇరవై ఏళ్లు ఇలా జరిగితే లోపల కట్టెలు తప్ప ఏం మిగులుతాయి? పైభాగం ఇరుగ్గా, కిందిభాగం వెడల్పుగా ఉండేలా కత్తిరించి, ఏటా నాలుగైదు ముదురు కొమ్మల్ని మొదట్లోకి తీసేస్తూ ఉంటే ఈ తిప్పలు రావు.

తుజాను మాత్రం తీయించేయండి, దానికి పరీక్ష కూడా అక్కర్లేదు. ఆకు ఉన్నంత వరకే అది మళ్లీ చిగురిస్తుంది. ఆకులేని పాత కట్టె వరకు నరికితే అక్కడి నుంచి కొత్త చిగురు రాదు. మీవారిని ఏమీ అనకండి, ఈ సంగతి చాలామంది మాలీలకే తెలియదు. మొద్దును భూమిలో వదిలేయకండి. ఇంటి పక్కన ఎండిన మొద్దు ఉంటే చెదకు పిలిచి పీట వేసినట్టే. మొద్దు చావడానికి ఉప్పు పోయమని, యాసిడ్ పోయమని ఎవరో ఒకరు చెబుతారు. అలా చేస్తే మొద్దు సంగతేమో గానీ ఆ మట్టిలో తర్వాత ఏదీ సరిగా బతకదు.

డురాంటాకు ప్రాణం ఉన్నా తీసేయమనే చెబుతాను. మీ ఇంట్లో నాలుగేళ్ల పిల్లాడున్నాడు. కత్తిరింపు ఆపగానే అది నీలిపూలు పూసి, గుత్తులుగా నారింజరంగు కాయలు కాస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉండే ఆ కాయలు విషం. ఎప్పుడూ కత్తిరిస్తూ ఉంటే కాయవు, నిజమే. కానీ ఇంటి పనుల్లో రెండు నెలలు దాని ఊసు మర్చిపోయామనుకోండి, కాయలు వచ్చేస్తాయి. పైగా సగం మట్టి అదే ఆక్రమించింది. అది పోతే మీకు కొత్తవాటికి చోటు దొరుకుతుంది.

క్రోటన్లలో బాగున్న ఒక్కదాన్ని ఉంచుకుని మోకాలి ఎత్తుకు కొట్టించండి. తక్కువ ఎండలోనూ బతుకుతుంది కాబట్టి నీడ మూలకు పనికొస్తుంది. దాని పాలు చర్మానికి దురద పెడతాయి, బట్టలకు మరక అంటుతుంది. కత్తిరించే రోజున బాబును లోపలే ఉంచండి.

మందారం పురుగు పేరు పిండినల్లి. దీనికి భయపడి చెట్టు తీయనక్కర్లేదు. ముడుచుకుపోయిన కొసలన్నీ కోసి, ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి వారం పాటు ఎండలో పెట్టండి. కంపోస్టు గుంటలో మాత్రం వేయకండి. మిగతా కొమ్మల సందుల్లోకి పైపుతో గట్టిగా నీళ్లు కొట్టాలి. ఆ తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట వారానికోసారి మూడు వారాలు పిచికారీ చేయండి. చీమల బారు కనిపిస్తే దాన్నీ ఆపాలి. పిండినల్లి కార్చే తీపి కోసం చీమలే దాన్ని కాపాడుతూ కొమ్మ నుంచి కొమ్మకు మోస్తాయి. చీమల్ని వదిలేసి పురుగుకే మందు కొడితే నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది.

ఇప్పుడు నూరువరహాలు. మీ అత్తగారు చెప్పింది వినండి. దాన్ని మామగారు నాటారన్నది ఒక్కటే చాలు. తోటపని లెక్కన చూసినా అది ఉంచదగ్గ చెట్టే. పాత కట్టె మీద కూడా చక్కగా చిగురిస్తుంది. పువ్వుకు పువ్వు, ఆకుకు ఆకు. పిల్లలకు ప్రమాదం లేదు. సీతాకోకచిలుకలు దాని చుట్టూనే తిరుగుతాయి.

ఆకులు పసుపుపచ్చబడటానికి ముసలితనం కారణం కాదని నా నమ్మకం. ఒక లేత ఆకు తెంపి వెలుతురుకు పెట్టి చూడండి. ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్య భాగం మాత్రం పసుపురంగులోకి మారితే అది ఇనుము లోపం. అనంతపురం వారు కాబట్టి మీకు తేలిగ్గా అర్థమవుతుంది: సున్నం ఎక్కువున్న నేలల్లో వేరుశనగ పైరు పాలిపోవడం మీరు చూసే ఉంటారు. ఇదీ ఆ రోగమే. నూరువరహాలకు కొంచెం పులుపు నేల కావాలి. బెంగళూరు ఎర్రమట్టి మామూలుగా దానికి సరిపోతుంది. కానీ ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు, సున్నం, ఇటుక ముక్కలు అన్నీ ఇంటి ముందే పూడ్చేస్తారు. దానికి తోడు బోరు నీళ్లలోని ఉప్పులు. నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు.

చెట్టు మొదట్లో జానెడు లోతు తవ్వి చూడండి. బూడిదరంగు గడ్డలు కనిపిస్తే వాటి మీద ఒక చెంచా వెనిగర్ పోయండి. బుడగలు వచ్చి చుయ్యిమంటే అది సున్నమే. వేళ్లు తెగకుండా చేతికి అందిన గడ్డలన్నీ ఏరి పారేసి, ఆ చోట మాగిన ఆకుల ఎరువు, ఎర్రమట్టి నింపండి. ఆకులు వెంటనే కోలుకునే మందు, మన రైతులు వేరుశనగకు కొట్టేదే: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). చల్లపూట ఆకులు తడిసేలా చల్లి, వారం తర్వాత మళ్లీ ఒకసారి చల్లండి. పక్కన లేతరంగు గచ్చు ఉంటే గోనెసంచి కప్పండి, తుప్పు మరక పడితే పోదు. బూడిద, కోడిగుడ్డు పెంకులు, వాషింగ్ మెషీన్ నీళ్లు దీని దరిదాపులకు రానివ్వకండి. మూడూ నేలలో పులుపును చంపేవే. బియ్యం కడిగిన నీళ్లు పోసుకోవచ్చు.

ఇదంతా ఇప్పుడు చేస్తే ఏప్రిల్ చివరికల్లా చెట్టుకు కాస్త శక్తి వస్తుంది. మామిడి జల్లులు రెండు మూడు పడి నేల తడిశాక కత్తెర పట్టండి. ఒకేసారి బోడి చేయొద్దు. ఈ ఏడు సగం కొమ్మల్ని, అదీ ముదురువి, నేల నుంచి అడుగున్నర ఎత్తులో కోయండి. మిగతా సగం వచ్చే ఏడు. కోసిన కొమ్మలు జూన్ వానలకు మొదలంటా చిగురిస్తాయి. నూరువరహాల పూలు కొత్త చిగుళ్ల కొసల్లోనే వస్తాయి కాబట్టి కొన్నాళ్లు పూలు తగ్గినా, ఆ తర్వాత ఇన్నేళ్లుగా చూడనన్ని పూస్తుంది. ఈ సంగతి అత్తగారికి ముందే చెప్పి ఒప్పించండి. చెప్పకుండా కత్తెర పట్టుకుంటే ఆవిడకు కష్టం కలుగుతుంది.

ఆవిడ మనసు ఇంకా కుదుటపడాలంటే ఆ చెట్టుకే పిల్లల్ని తీయండి. కోయకుండా ఉంచిన కొమ్మల్లో పెన్సిలంత లావువి రెండు ఎంచుకుని, జూన్‌లో గాలి అంటు కట్టండి. అంగుళం మేర బెరడు చుట్టూ ఒలిచి, తడిపి గట్టిగా పిండిన కొబ్బరి పొట్టు గుప్పెడు చుట్టి, ప్లాస్టిక్ కాగితంతో రెండు కొసలా బిగించి కట్టాలి. రెండు నెలలకు ప్లాస్టిక్ లోపల తెల్లటి వేళ్లు కనిపిస్తాయి. అప్పుడు దాని కింద కోసి కుండీలో పెట్టుకోవడమే. విత్తనపు మొక్క తల్లిలాగే ఉంటుందని చెప్పలేం గానీ, అంటు మొక్క అచ్చంగా మామగారి చెట్టే. తల్లి చెట్టుకు ఏదైనా అయినా మీ దగ్గర రెండు ఉంటాయి.

ఫైకస్ ఎందుకు వద్దో మాలికి ఒక్క ముక్కలో చెప్పండి: పక్కన సంప్ ఉండొచ్చు. కుండీలో గుండ్రంగా ముద్దుగా కనిపించే ఆ మొక్క నేలలో పడితే పెద్ద చెట్టయ్యే జాతి. గోడకు వెంట్రుకంత పగులున్నా చాలు, తడిని వెతుక్కుంటూ వేరు దూరిపోతుంది.

మీవారి టైల్స్ సంగతి. రోజూ ఆకులు ఊడ్చే తలనొప్పి లేకుండా ఉండాలన్నది ఆయన బాధ అయ్యుంటుంది, అది తప్పు కాదు. కానీ ముప్పై అడుగులకు నలభై అడుగులుండే మామూలు సైట్లో వాన నీరు ఇంకడానికి మిగిలే మట్టి సాధారణంగా అదొక్కటే. దాన్నీ మూసేస్తే సెప్టెంబరు, అక్టోబరు వానలకు నీళ్లన్నీ రోడ్డు మీదికే పోతాయి, లేదా గేటు లోపల నిలుస్తాయి. గోడకు ఆనుకుని గచ్చు వేడెక్కితే ముందు గది కూడా కాగుతుంది. నడవడానికి చోటు కావాలంటే మధ్యమధ్య ఖాళీలు వదిలి నాలుగు రాతి పలకలు పరవండి. సిమెంటు పూయకుండా మట్టి మీదే పరవాలి. డాబా మీది నీళ్ల గొట్టం ఒకటి ఈ మట్టి వైపు తిప్పగలిగితే ఇంకా మంచిది.

కొత్తగా ఏం నాటాలన్నది ఎండను చూసి తేల్చాలి. ఎదుటి ఇళ్ల ఎత్తును బట్టి తూర్పు ఎండ ఎప్పుడు దిగుతుందో మారుతుంది. సెలవురోజు పొద్దున తొమ్మిదికి, పదకొండుకు, ఒంటిగంటకు, మూడింటికి నీడ అంచు ఎక్కడుందో సుద్దముక్కతో గోడ మీద గీయండి. ఐదు గంటలకు పైగా ఎండ పడే చోటే మల్లెకు. అక్కడ కాకుండా ఇంకెక్కడ పెట్టినా ఆకులే తప్ప మొగ్గలు రావు. మూడు, నాలుగు గంటల ఎండ ఉన్న చోట నందివర్ధనం పెట్టండి. పూజకు ఏడాదిలో చాలా నెలలు తెల్లపూలు ఇచ్చే చెట్లలో దానంత సులువైనది ఇంకోటి లేదు. దాని ఆకుల మీద అప్పుడప్పుడు వేలంత పచ్చటి గొంగళి కనిపిస్తుంది, తల వెనక కళ్లలా రెండు నీలి మచ్చలుంటాయి. రాత్రిపూట పూల మీదికి వచ్చే ఒక పెద్ద రెక్కల పురుగు పిల్ల అది. నాలుగు ఆకులు తింటే తిననివ్వండి, చెట్టుకేమీ కాదు. బాబుకు చూపిస్తే వాడు సంతోషిస్తాడు. కొమ్మ తెంపితే కారే చెట్టు పాలు కంట్లో పడకుండా మాత్రం చూసుకోండి. కొమ్మల నీడలో, ముందు వరుసలో కనకాంబరాలు. రెండు, మూడు అడుగులకు మించి పెరగవు, జడలోకీ దేవుడికీ సరిపోతాయి.

అత్తగారు గన్నేరు అడగొచ్చు, శివపూజకు అందరికీ ఇష్టమే. బాబు పెద్దయ్యేదాకా ఆగమనండి. గన్నేరులో ఆకు, పువ్వు, పుల్ల అన్నీ విషమే. పచ్చగన్నేరు గింజలైతే ప్రాణాల మీదికి తెస్తాయి.

ఎన్ని కొనాలో చెప్పకపోతే మీరు తప్పకుండా ఎక్కువే కొంటారు, ఎందుకంటే నర్సరీలో అన్నీ జానెడు మొక్కలే. నందివర్ధనం పెరిగితే ఆరడుగుల ఎత్తు, నాలుగైదు అడుగుల వెడల్పు. మందారమూ అంతే. మీ ఇరవై అడుగుల్లో పాత మందారం, పాత నూరువరహాలు, క్రోటన్ పోను రెండు పెద్ద మొక్కలకు మించి చోటు లేదు. ఒక నందివర్ధనం, ఒక మల్లె. వాటి ముందు ఆరు కనకాంబరాలు. గోడకు రెండున్నర అడుగుల దూరంలో నాటండి. మొదటి ఏడాది బోసిగా ఉందని ఇంట్లోవాళ్లు గొణుగుతారు. ఆ ఖాళీల్లో బంతి, తోటకూర చల్లుకోండి. ఇరవై ఏళ్ల క్రితం అడుగుకో మొక్క పెట్టడం వల్లే ఇప్పుడు ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి.

లాల్‌బాగ్ నర్సరీలోనో, పక్కనే సిద్ధాపుర నర్సరీల్లోనో మీకు ఇవన్నీ దొరుకుతాయి. పూలు నిండుగా ఉన్న మొక్క మీదికి చెయ్యి పోనివ్వకండి. ఆకుల అడుగున, కొమ్మల సందుల్లో తెల్లటి పురుగు లేనిది, సంచి అడుగు నుంచి వేళ్లు తన్నుకురానిది చూసి తీసుకోండి. బెంగళూరు నర్సరీలకు చాలా మొక్కలు మన కడియం (రాజమండ్రి దగ్గరి నర్సరీల ఊరు) నుంచి వస్తాయి. వాటి వేళ్ల చుట్టూ జిగురు బంకమట్టి ముద్ద ఉంటుంది. దాన్ని అలాగే ఎర్రమట్టిలో పెడితే పైన నీళ్లు పోసినా ముద్ద లోపలికి దిగవు. ఒకసారి ఎండిందంటే రాయే. బకెట్ నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, బయటి అంగుళం మట్టిని వేళ్లతో మెల్లగా రాల్చి, సుడి తిరిగిన వేళ్లను విడదీసి నాటాలి. గుంట ముద్దకు రెండింతల వెడల్పు ఉండాలి, లోతు ముద్ద ఎత్తుకు మించకూడదు. సంచిలో మట్టి ఎక్కడిదాకా ఉందో నేలలోనూ అక్కడిదాకే. కాండం పూడితే కుళ్లుతుంది.

నాటాక పాదు చేసి ఎండుటాకులు మూడు అంగుళాల మందాన పరవండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి. వానలు లేని వారాల్లో రోజూ చెంబుడు చల్లేకన్నా మూడు రోజులకోసారి బకెట్టుడు నిదానంగా పోయడం మేలు. నీరు లోతుకు దిగితే వేరూ లోతుకు వెళ్తుంది, వచ్చే మార్చికి మీకు నీళ్ల మోత తగ్గుతుంది. గేటు పక్కన నీళ్ల మీటరు ఉంటే దాని ముందు రెండడుగులు ఏమీ నాటకుండా వదిలేయండి, రీడింగు తీసే మనిషి కనకాంబరాల మీద నిలబడాల్సిన పని ఉండదు.